కాకినాడ వర్తకుల ప్రయోగము: ఎందరిని చూచిన చాలును?

బషీరాబాద్, తాండూరు ప్రాంతముల కందులను కొనువాడు బస్తానంతయు గ్రుమ్మరించి చూడడు. పిడికెడు తీసి చూచును. బస్తాలో నూటికి నాలుగు పుచ్చు గింజలున్నవనుకొందము. బాగుగా కలియబెట్టి 20 గింజలు మాత్రమే తీసినచో, వానిలో ఒక్క పుచ్చు గింజయు కనబడకపోవుటకు నూటికి 44 పాళ్ళు అవకాశము కలదు. 100 గింజలు తీసినచో ఆ అవకాశము నూటికి రెండు పాళ్ళకు తగ్గును. పుచ్చు కనబడలేదనుట వేరు, పుచ్చు లేదనుట వేరు. నిజముగా ఉన్న తేడాను పట్టుకొనగల ఈ సామర్థ్యమునే గణాంక శాస్త్రజ్ఞులు పరీక్ష యొక్క ‘శక్తి’ అందురు. అది ముఖ్యముగా నమూనా పరిమాణముపైనను, తేడా యొక్క పరిమాణముపైనను ఆధారపడి యుండును.

మనుష్యుల మనస్సులను పరిశీలించు శాస్త్రమునకును ఈ న్యాయమే వర్తించును. తెలుగునాట జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగమును ఈ దృష్టితో పరిశీలింపవచ్చును.

హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెలండ్, ఏదైన గొప్పగా సాధింపవలెనను ఆకాంక్షయే వ్యాపారాభివృద్ధికి మూలమని తలచెను. ఆ ఆకాంక్షను శిక్షణచే పెంపొందింపవచ్చునా? దీనిని తేల్చుటకు 1964లో కాకినాడ వర్తకులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సుమారు పది దినముల శిక్షణ నిచ్చిరి. వెల్లూరు వర్తకులును శిక్షణ పొందిరి. పోల్చి చూచుటకు రాజమండ్రిని ఎన్నుకొనిరి. ఫలితములను మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథముగా ప్రకటించిరి.

శిక్షణ పొందిన 76 మందిలో వ్యాపారమున మిక్కిలి చురుకుగా నుండినవారు మునుపు నూటికి 18 మంది. 1964–66 మధ్య 51 మంది. శిక్షణ పొందని 73 మందిలో ఆ సంఖ్య 22 నుండి 25కు మాత్రమే పెరిగెను. ఇంత తేడా కేవలము కాకతాళీయముగా కలుగుట బహు అరుదు. శిక్షణ పొందనివారితో పోల్చుట, మునుపటి స్థితిని లెక్కించుట, సంఖ్యలను దాచక ప్రకటించుట ఈ గ్రంథకర్తల సుగుణములు. కేవలము శిక్షణానంతరము పొగడ్తలను సేకరించి సంతృప్తి పడువారికంటె వీరు ఎంతయో మేలు.

అయినను ఒక చిక్కు కలదు. ఇంతటి నమూనాతో, రెండు వర్గముల నడుమ నూటికి సుమారు 15 పాళ్ళకు తక్కువైన తేడా పరీక్షకు నిలువదు. శిక్షణ వలన నిజముగా కలుగు మేలు 26 పాళ్ళు గాక అందు సగము, అనగా 13 పాళ్ళే అనుకొందము. అప్పుడీ ప్రయోగమునకు దానిని పట్టుకొను శక్తి నూటికి 40 మాత్రమే. అంతేకాదు, పట్టుకొన్న ప్రతిసారియు ఆ మేలును ఉన్నదానికంటె పెద్దదిగనే చూపును. చిన్న నమూనాలోని అసలు ప్రమాదమిదియే: అది ఉన్నదానిని కానకపోవుటయే గాక, కన్నదానిని పెంచి చూపును. ఆ 13 పాళ్ళ తేడాను నూటికి 80 పాళ్ళు నమ్మకముతో పట్టుటకు వర్గమునకు సుమారు 200 మంది వలయును.

సగమనుకొనుట అన్యాయమా? జేకబ్ కోహెన్ 1962లో ఒక మనస్తత్వ శాస్త్ర పత్రికలోని 70 వ్యాసములను పరీక్షించి, మధ్యరకపు తేడాలను పట్టుటకు వాని సగటు శక్తి 0.48 అని తేల్చెను. అనగా బొమ్మబొరుసు పందెమునకు మించినది కాదు. 2015లో పలువురు శాస్త్రజ్ఞులు కలిసి 100 మనస్తత్వ పరిశోధనలను మరల జరిపి ప్రకటించిన ఫలితములలో, తొలుత కనబడిన తేడాలు సగటున సగమునకు తగ్గెను.

వేరొక లోపమును కలదు. పంటల ధరలు, రేవు వ్యాపారము ఒక పట్టణపు వర్తకులందరిని ఒకేసారి తాకును. ఒకే తరగతిలో కూర్చున్నవారు ఒకరినొకరు ప్రోత్సహించుకొందురు. కావున ఆ 76 మంది 76 వేర్వేరు సాక్షులు కారు. పట్టణములనే లెక్కించినచో నమూనా వ్రేళ్ళపై లెక్కింపదగినంతయే. పైన జెప్పిన శక్తియు నిజమునకు ఇంకను తక్కువే యగును.

శిక్షణ వ్యర్థమని ఇందుచే తేలదు. మేలు కలదనుటకు కాకినాడ మంచి సూచన నిచ్చినది. ఆ మేలు ఎంతయో చెప్పుటకు మాత్రము అది చాలదు. చిన్న పరిశ్రమలవారికి శిక్షణ లేర్పరచినవారు తరువాత ఈ ప్రయోగమును ఆదర్శముగా గైకొనిరి. ప్రజాధనమును వెచ్చించుటకు ‘మేలు కలదా’ అను ప్రశ్న యొక్కటే చాలదు, ‘ఎంత’ అనునదియు తెలియవలెను. ఎంత చిన్న మేలు కూడ విలువైనదో ముందుగా నిశ్చయించుకొని, దానిని పట్టుటకు ఎందరు వలయునో గణించి, పలు పట్టణములను చీట్లు వేసి విభజించిన పిమ్మటనే పని మొదలు పెట్టవలెను. ఈ లెక్కకు పట్టునది ఒక పూట. చేయకున్న నష్టపోవునవి ఏండ్లు.