నడక నేర్పే గురువులు

చూపు లేనివారికి ఒంటరిగా నడవడం నేర్పే శిక్షకుల పనికి దక్కాల్సిన గుర్తింపు ఇంకా దక్కలేదు. చేతికి తెల్లకర్ర ఇచ్చినంత మాత్రాన దారి తెలిసిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ రూపొందించిన పద్ధతిలో, కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమవైపు నేలను తాకాలి. తర్వాతి అడుగు పడే చోటును అది ముందే తడిమి చూస్తుంది. ఈ లయ ఒంటబట్టేదాకా, వాహనాల రొదను బట్టి దిక్కు పోల్చుకోవడం వచ్చేదాకా శిక్షకులు వెన్నంటి నడుస్తారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చికిత్సతో పాటు ఇలాంటి నడక శిక్షణతో కూడిన పునరావాస సేవలనూ అందిస్తోంది.

ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే చాలదా అని కొందరంటారు. ఆ ప్రేమ విలువైనదే. కానీ ఎప్పుడు బయల్దేరాలో మరొకరి తీరికను బట్టి తేలితే అది స్వేచ్ఛ కాదు. ఫోను దారి చెబుతుందనేవారూ ఉన్నారు. అది మలుపు ఎక్కడుందో చెప్పగలదు గానీ, రెండడుగుల ముందున్న మూతలేని మురుగుకాల్వను పసిగట్టేది కర్రే. మన వీధుల్లో ఫుట్‌పాత్‌లే సరిగా లేవన్న అభ్యంతరం నిజం. అందుకే వాటిని బాగుచేయాలి, శిక్షకుల సంఖ్యనూ పెంచాలి. శిష్యుడికి తమ అవసరం లేకుండా చేయడమే ధ్యేయంగా పనిచేసే ఈ గురువులకు సమాజం గౌరవమూ తగిన జీతమూ రెండూ ఇవ్వాలి.