నాలుగున్నర డబ్బా

సికందర్‌పూర్‌లో మెట్రో ఎక్కేసరికి ఆరున్నర దాటుతుంది. రాజీవ్ చౌక్‌లో దిగి, ఆ జనంలో నలిగి, బ్లూ లైన్ పట్టుకుని మయూర్ విహార్ చేరేసరికి ఎనిమిది కావస్తుంది. రైల్లో తినకూడదు కాబట్టి అంతవరకూ క్షేమమే. మెట్లు దిగితే మాత్రం ఒక పక్క మోమోల ఆవిరి, ఇంకో పక్క పెనం అంచున పేర్చిన ఆలూ టిక్కీలు, చలికాలమైతే ముల్లంగి తురుము కప్పిన రామ్ లడ్డూలు. నాలుగేళ్లు ఆ మెట్ల దగ్గర రోజూ ఓడిపోయాను. ఎనిమిది మోమోలు, ఎర్ర చట్నీ, ఆ పైన ఇంటికెళ్లి అన్నం.

కిందటేడు రక్తపరీక్షలో షుగరు గీత దాటలేదు గానీ గీత మీదికొచ్చి నిలబడింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు సుమారు 13.6 కోట్లు. నాది గుమ్మం బ్యాచి. డైటీషియన్ గారు చార్టు రాసిచ్చారు: కొద్దికొద్దిగా, రోజుకి ఆరుసార్లు. ఈ మాట ఢిల్లీకి కొత్త కాదు. 2009లో రుజుతా దివేకర్ పుస్తకం రావడం, దానికి కరీనా కపూర్ పేరు తోడవడంతో రెండు గంటలకోసారి తినడం చాలామందికి వ్రతమైపోయింది. మనవాళ్లేమో ఒక పూట తినేవాడు యోగి, రెండు పూటలు భోగి, మూడు పూటలు రోగి అన్నారు. ఆరు పూటలవాణ్ణి ఏమనాలో చెప్పకుండానే వెళ్లిపోయారు.

మొదటి నెల చార్టుని తు.చ. తప్పకుండా పాటించాను. పదకొండింటికి బాదం పప్పులు, నాలుగున్నరకి నేతిలో వేయించిన మఖానా, ఆరింటికి పండు. మఖానా నోట్లో వేసుకుంటే గాలి తిన్నట్టుంటుంది కాబట్టి గుప్పెడు కాస్తా గిన్నెడయ్యేది. మధ్యాహ్నం అన్నం తగ్గలేదు, రాత్రి అన్నమూ తగ్గలేదు. నెలాఖరుకి రెండు కిలోలు పెరిగాను. మా ఆవిడ చార్టు తీసి చూసి, "ఆరుసార్లు తినమన్నారు గానీ, ఆరుసార్లూ భోంచేయమన్లేదండీ" అంది.

తర్వాత కాస్త చదివితే తెలిసింది, ఆరులో మహిమేమీ లేదని. ప్రాగ్ నగరంలో 54 మంది మధుమేహ రోగులకి ఒకే లెక్క కేలరీలు ఒకసారి ఆరు చిన్న పూటలుగా, ఇంకోసారి రెండు పెద్ద పూటలుగా పెట్టి చూశారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. పొద్దున, మధ్యాహ్నం రెండే పూటలు తిన్నప్పుడే బరువు ఎక్కువ తగ్గింది. అలాగని నేను రెండు పూటల పక్షంలోకి దూకలేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్లకి మధ్యలో తినకపోతే కళ్లు తిరగొచ్చు. వాళ్ల సంగతి డాక్టరే చెప్పాలి. నా సంగతి నేను చూసుకున్నాను: ఆరింటిలో నాకు పనికొచ్చింది ఒక్కటే, నాలుగున్నరది.

ఎందుకంటే ఒంటిగంటకి అన్నం తిన్నవాడు ఎనిమిదింటికి స్టేషన్ మెట్లు దిగుతున్నాడు. మధ్యలో రెండు టీలు, నాలుగు బిస్కెట్లు. పంచదార, మైదా ఎంత తొందరగా పనిచేస్తాయో అంత తొందరగా చేతులెత్తేస్తాయి. దానికితోడు సాయంత్రం ఆకలి కడుపుది మాత్రమే కాదట. అమెరికాలో 12 మందిని పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురులో రోజుల తరబడి ఉంచి చూస్తే, ఒంట్లో గడియారం ప్రకారం ఆకలి పొద్దున ఎనిమిదింటికి అట్టడుగున ఉండి, రాత్రి ఎనిమిదింటికి శిఖరానికెక్కింది. తీపి మీద, ఉప్పు మీద, పిండి పదార్థాల మీద కోరికా అప్పుడే. 2013 నాటి మాట ఇది. చదివాక మోమోల బండి మీద నా కోపం సగం తగ్గింది. అతను సరిగ్గా నా శిఖరం దగ్గర బండి పెట్టుకున్నాడు, అంతే.

అందుకని డబ్బా. అరచేతిలో పట్టే స్టీలు డబ్బా, మూత బిగువుగా ఉండాలి, లేకపోతే ల్యాప్‌టాప్ సంచీ అంతా ఇంగువ వాసన. రాత్రి గుప్పెడు నల్లశనగలు నానబెట్టడం నా పని. జనవరిలో ఇక్కడి నీళ్లకి శనగ ఓ పట్టాన నానదు. అందుకే గోరువెచ్చటి నీళ్లు పోసి స్టౌ పక్కన పెడతాను. పొద్దున కుక్కర్‌లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. కరివేపాకుకి మా మయూర్ విహార్‌లో లోటు లేదు, మలయాళీల చలవ. కుదరని రోజు పుట్నాలు. ముప్ఫై గ్రాములైతే నూటపది కేలరీలు, ఆరు గ్రాముల దాకా ప్రొటీను. పెద్ద విద్యేం కాదు, గుర్తుంచుకోవడమే కష్టం. నాలుగున్నరకి మీటింగుంటే డబ్బా ఆరింటిదాకా మూత తియ్యకుండా ఉండిపోతుంది, ఆ రోజు మోమోలవాడిదే గెలుపు. ఇప్పుడు కెమెరా ఆపేసి తింటున్నాను. గుగ్గిళ్లు చప్పుడు చెయ్యవు. పుట్నాలు తింటే మైకు కూడా ఆపెయ్యాలి.

ఆదివారాలు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్తే ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ కందిపొడి, నెయ్యి బల్ల మీదే ఉంటాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

మొన్న చలి బాగా ముదిరిన సాయంత్రం, డబ్బా తిన్నాను గనక ధీమాగా మెట్లు దిగాను. మోమోలు దాటాను, టిక్కీలూ దాటాను. మలుపులో పల్లీల బండి. వేయించిన పల్లీల గుట్ట మీద చిన్న మట్టిపిడత, అందులో నిప్పులు. విజయవాడలో మా వీధికి వచ్చే పిడత కింద పప్పు అచ్చం అంతే, మరమరాలు చల్లారకుండా పైన నిప్పుల పిడత. పదిహేడు వందల కిలోమీటర్ల దూరంలో అదే ఉపాయం. పల్లీ గింజలు వంద గ్రాములంటే ఐదువందల అరవై కేలరీల పైమాటే, అదీ నాకు తెలుసు. "బీస్ కా దే దో భయ్యా" అన్నాను. అతను గుడ్డతో పిడత పక్కకి జరిపి, దాని కింద వెచ్చగా ఉన్నవే తీసి పొట్లం కట్టాడు.

ఇంటి గుమ్మం దాకా ఒలుచుకుంటూ నడిచాను. మా ఆవిడ తలుపు తీసి, నా మొహం చూడలేదు, స్వెటర్ మీద పొట్టు చూసింది.