‘పల్లె’ నుంచి ‘సెంటు’ దాకా: పేదల గృహవసతి వాదంలో మాట, చోటు

ఉపోద్ఘాతం

ఊరి పేరు ఆ ఊరి తొలి చరిత్రపత్రమని నామవిజ్ఞానం చెబుతుంది. కడప జిల్లా ఊర్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన తరువాత రాయలసీమ గ్రామనామాలను కేవలం ప్రాస కుదిరిన శబ్దాలుగా చూడడం సాధ్యం కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె పేరునే తీసుకొందాం. ఇదే పేరుగల ఊళ్లు తెలుగునేల మీద అనేకం ఉన్నాయి. ‘కొత్త’ అనే విశేషణం అంతకుముందు పాతదొకటి ఉన్నదని సూచిస్తుంది. ‘పల్లె’ అనే నామం అక్కడ మనుషులు కుదురుకొన్నారని సూచిస్తుంది. ఎవరు వచ్చారు, ఏ కారణాన వచ్చారు అన్నది పేరు చెప్పదు. అయినా ఈ రోజు పాతబడిన ప్రతి ఊరూ ఒకనాడు కొత్తవారు వచ్చి ఇళ్లు వేసుకొన్న చోటేనన్న సంగతిని మాత్రం ఆ పేరు మరవనివ్వదు.

పేదలకు ఇళ్లు కావాలన్న వాదం తెలుగులో ఏ మాటలతో సాగుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పథకాల మంచిచెడ్డల తీర్పు దీని పరిధిలోనిది కాదు. నివాసాన్ని సూచించే పదజాలం ‘పల్లె’ నుంచి ‘సెంటు’ దాకా వచ్చేసరికి ఇంటి కొలత స్పష్టమయింది. ఇంటి చోటు మరుగున పడింది. గృహవసతి కోసం పోరాడేవారు కూడా ఈ కొలమానాన్నే తమ భాషగా స్వీకరించడం వల్ల ‘ఎంత?’ అని అడగగలుగుతున్నారే గాని ‘ఎక్కడ?’ అని గట్టిగా అడగలేకపోతున్నారు. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదన.

కొట్టం, మిద్దె, కాలనీ

రాయలసీమలో ఇంటికున్న పేర్లు ముందుగా దాని కట్టుబడిని చెబుతాయి. బోదగడ్డి కప్పితే బోదకొట్టం. దూలాలు, దంతెలు పరచి పైన చవుడు మన్ను పోస్తే మట్టిమిద్దె. ఆ మిద్దెకు వెలుతురునిచ్చే కంత గవాక్షి. బేతంచెర్ల నాపరాయి దొరికే చోట గోడకూ నేలకూ ఆ రాయే. ప్రతి పేరూ చుట్టుపక్కల దొరికే గడ్డినో, మన్నునో, రాతినో గుర్తుచేస్తుంది. ‘కొట్టాల’ అని ముగిసే ఊరి పేర్లు సీమలో కనిపించడానికీ ఇదే కారణం. కొట్టాలు వేసుకొన్న చోటు ఊరయింది. కుందూ నది పక్కనో, కె.సి. కాలువ ఆయకట్టులోనో గుడిసె వేసిన కూలీ తన పనికి దగ్గరగా వేశాడు. ఇల్లు, నీళ్లు, పని అనే మూడూ ఒకే నిర్ణయంలో భాగాలు.

దీనిని ఒక స్వర్ణయుగంగా భావించడానికి వీలులేదు. ఆ చోటును నిర్ణయించిన శక్తుల్లో కులం ప్రధానమైనది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెట్టినప్పుడు పాత్ర పేరును గాని, సంఘటనను గాని ఎంచుకోలేదు. ఒక నివాసస్థలాన్ని ఎంచుకొన్నాడు. ఆ పేరులోనే ఊరికీ వాడకూ నడుమనున్న దూరం ఉంది. తరువాతి కాలంలో ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘కాలనీ’ అనే మాట మాలపల్లె, మాదిగవాడ అనే పేర్ల స్థానంలో చేరింది. ‘ఎస్సీ కాలనీ’ అన్నంత మాత్రాన ఆ ఇళ్లు ఊరి నడుమకు రాలేదు. మాట మర్యాదగా మారింది, చోటు మారలేదు. కాబట్టి చోటును గురించిన ప్రశ్న అభివృద్ధి పథకాలతో పుట్టింది కాదు. అంతకంటె చాలా పాతది.

ఈ ప్రాంతానికి మరొక అనుభవం కూడా ఉంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981లో వాటిని బలవంతంగా ఖాళీ చేయించారు. అప్పటినుంచి ‘నిర్వాసితుడు’, ‘పునరావాసం’ అనే సంస్కృత సమాసాలు ఇక్కడి రైతుకూలీల నోట నిత్యవ్యవహారంలోకి వచ్చాయి. పోయిన ఇంటికి విలువ కట్టవచ్చు. ఇంటి చుట్టూ ఉన్న పనికీ, చేబదులిచ్చే ఇరుగుపొరుగుకూ ఆ లెక్కలో గడి లేదు.

సెంటు అనే కొలమానం

ఎకరంలో నూరో వంతు సెంటు. అంటే 48.4 చదరపు గజాలు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకం కింద 30 లక్షలకు పైగా మహిళల పేర ఇళ్ల పట్టాల పంపిణీని ప్రారంభించినప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున నిర్ణయించింది. 2025లో తరువాతి ప్రభుత్వం దీనిని పల్లెల్లో మూడు సెంట్లకు, పట్టణాల్లో రెండు సెంట్లకు పెంచింది. ఈ రెండింటి మధ్య సాగిన రాజకీయ వాగ్వాదమంతా ఒకే అంకె చుట్టూ తిరిగింది. సెంటు చాలదన్నవారూ, సెంటైనా ఇచ్చామన్నవారూ ఒకే భాష మాట్లాడారు. లే అవుట్లు ఊళ్లకు దూరంగా, లోతట్టు భూముల్లో పడ్డాయన్న ఫిర్యాదు వినవచ్చినా అది వాదానికి అనుబంధంగానే మిగిలింది, వాదానికి కేంద్రం కాలేదు.

సెంటుకు ఒక సుగుణం ఉందని ఒప్పుకోవాలి. అది కొలవగలిగినది. గ్రామపెద్ద దయాదాక్షిణ్యాలకు బదులు అందరికీ ఒకే కొలత. నిరక్షరాస్యురాలు సైతం తనకు రావలసినది వచ్చిందో లేదో తేల్చుకోగలదు. హక్కు అంకెగా మారినప్పుడే దానిని నిలదీసి అడగడం సులభమవుతుంది. చిక్కు ఆ అంకెలో లేదు. దాని పక్కన రెండో ప్రశ్న లేకపోవడంలో ఉంది.

పట్టణ గృహాల పేర్లు పోల్చిచూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. టిడ్కో ఇళ్లను ప్రజలు 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లని వ్యవహరిస్తారు. తెలంగాణలో 2015లో మొదలైన పథకానికి ‘డబుల్ బెడ్‌రూం’ అన్నది జనవ్యవహారంలో జాతివాచకమయింది. మొదటిది వైశాల్యాన్ని చెబుతుంది. రెండోది జీవనాన్ని చెబుతుంది. పెద్దలకొక గది, పిల్లలకొక గది అన్న గౌరవభావన ఆ పేరులో ఉంది. రెండింటిలోనూ లేనిది చోటు. ఉమ్మడి రాష్ట్రంలో మధ్యతరగతికి ఉద్దేశించిన పథకానికి ‘స్వగృహ’ అని, పేదల పథకాలకు నాయకుల పేర్లతో ‘ఇళ్లు’, ‘కాలనీలు’ అని పేర్లు పెట్టడం కూడా గమనించదగినదే. ఒకరు స్వంతదారు, మరొకరు లబ్ధిదారు. ‘లబ్ధి’ అనే మాటలో పొందడమే ఉంది, ఎంచుకోవడం లేదు.

ఉద్యమ భాష

గృహవసతి కోసం తెలుగునాట జరిగిన పోరాటాల్లో ప్రభుత్వ భూమిలో గుడిసెలు వేయడం ప్రధాన రూపం. దానిని అర్జీతో పోల్చిచూడవచ్చు. అర్జీ కాగితం మీద వినయంగా విన్నవిస్తుంది. గుడిసె నేల మీద నిలబడి ‘ఇక్కడ’ అని చూపిస్తుంది. చోటును నిర్దేశించే శక్తి అర్జీకి లేదు, గుడిసెకు ఉంది. 2007లో వామపక్షాలు నడిపిన భూపోరాటంలో ఇళ్ల స్థలాలు, సాగుభూమి అనే రెండు కోరికలు జంటగా వినిపించాయి. ఆ ఏడాది జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. ఇంటినీ పనినీ విడదీయకుండా అడిగిన ఆ నినాదం తరువాతి కాలంలో రెండుగా చీలింది. భూమి మాట వెనుకబడి, స్థలం మాట ఒంటరిగా మిగిలింది. ఒంటరిగా మిగిలిన స్థలాన్ని సెంట్లలోకి మార్చడం పాలనాభాషకు సులువయింది.

చోటును గురించి వాదం నేరుగా జరిగిన సందర్భం అమరావతి. రాజధాని కోసం రైతులు సమీకరణలో ఇచ్చిన భూమిలో 5 శాతం పేదల గృహవసతికి కేటాయించాలన్న నిబంధన 2014 నాటి సి.ఆర్.డి.ఎ. చట్టంలోనే ఉంది. 2023లో ఆర్-5 జోన్ పేర వేలాది పేద కుటుంబాలకు అక్కడ పట్టాలు ఇచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణాన్ని నిలిపివేసింది. బృహత్ ప్రణాళిక నమ్మి భూములిచ్చిన రైతుల ఆందోళనకు న్యాయమైన ఆధారముంది. పట్టా చేతికొచ్చి ఇల్లు కట్టుకోలేని కుటుంబం బాధకూ అంతే ఆధారముంది. కాని ఇరుపక్షాల వాదాల్లోనూ ‘పేదలు’ అన్న మాట ఒక బహువచనంగానే నిలిచింది. వారు ఎక్కడ పనిచేస్తారు, ఎక్కడ ఉండదలచుకొన్నారు అన్న ప్రశ్నకు కర్తగా వారు కనిపించలేదు. ‘స్థానికులు’, ‘బయటివారు’ అనే జంటపదాలు ఆ ఖాళీని నింపాయి. ప్రతి పల్లే ఒకనాడు కొత్తపల్లే అన్న ఎరుక ఉంటే ఈ జంటపదాలకు అంత బలం వచ్చేది కాదు.

న్యాయభాష, సాహిత్యభాష

చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆశ్రయమంటే నెత్తిమీద కప్పు మాత్రమే కాదని, తగినంత చోటు, గాలి, వెలుతురు, నీరు, పారిశుద్ధ్యం, దారి అందులో భాగాలని వివరించింది. మట్టిమిద్దెకు గవాక్షి పెట్టిన తాపీమనిషికి తెలిసిన సంగతే అది. ఈ నిర్వచనం తెలుగు ఉద్యమపత్రాల్లోకి సరైన అనువాదంతో రావలసి ఉంది.

సాహిత్యం మరో వైపు నుంచి సాయం చేస్తుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి ఇంటిని చక్కదిద్దుతూ తన పేరే మరచిపోతుంది. పట్టా మీద స్త్రీ పేరు రాయడం ఆ కథకు ఒక ఎదురుజవాబులా కనిపిస్తుంది. అయితే కథ అడిగిన ప్రశ్న యాజమాన్యం దగ్గర ఆగదు. ఆ ఇంట్లో ఆమె ఎవరు అన్నది దాని ప్రశ్న. ఊరికి దూరమైన లే అవుట్‌లో పట్టా ఉన్న స్త్రీ కూలికి, బడికి, ఆసుపత్రికి ఆటో ఛార్జీ లెక్కపెట్టుకోవలసి వస్తే కాగితం మీది పేరు ఆమెకు పూర్తి జవాబు కాదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలో కట్టేవాడు కర్త. లక్షా ఎనభై వేల యూనిట్ వ్యయంతో పునాది వేసి, మిగిలినది అప్పుతో లేపవలసిన కుటుంబానికి ఆ కర్తృత్వంలో భారం మాత్రమే దక్కింది, ఎంపిక దక్కలేదు.

ముగింపు

‘సెంటు’ను నిరాకరించమని ఈ వ్యాసం కోరడం లేదు. దాని పక్కన ‘చోటు’ను నిలపమని కోరుతున్నది. పని నుంచి ఎంత దూరం, నీరు ఎక్కడ, బడి ఎక్కడ అన్న ప్రశ్నలు కూడా సెంటులాగే అంకెల్లో అడగవచ్చు. అడిగినప్పుడే అవి హక్కులవుతాయి. తెలుగు శాఖలకు ఇందులో చేయవలసిన పని ఉంది. కొట్టం, మిద్దె, పల్లె, వాడ, కాలనీ అనే మాటల జిల్లావారీ వ్యవహారాన్ని సేకరించాలి. అర్జీలను, కరపత్రాలను, నినాదాలను వాఙ్మయంగా భద్రపరచాలి. కొత్త లే అవుట్లకు అక్కడి జనం తమంత తాము పెట్టుకొంటున్న పేర్లను ఇప్పుడే నమోదు చేయాలి. నాయకుని పేరుతో ఉన్న కాలనీని అక్కడివారు ఏమని పిలుచుకొంటున్నారో తెలిస్తే, అది ఊరయిందో, ఇంకా లే అవుట్‌గానే ఉన్నదో తెలుస్తుంది.