గోడలపై పద్యములు, పేరులేని మేనత్త

అమెరికాకు వలస వెళ్ళిన చీనా ప్రజల చరిత్రను చట్టములనుండి తెలిసికొనవచ్చును. ఆ చట్టముల ననుభవించిన హృదయములను తెలిసికొనుటకు సాన్ ఫ్రాన్సిస్కో అఖాతమందలి ఏంజెల్ ద్వీపపు గోడలను చదువవలెను. 1882 నాటి బహిష్కార చట్టము చీనా కార్మికుల ప్రవేశమును నిషేధించెను. 1943 వఱకు ఆ నిషేధము తొలగలేదు. 1910 మొదలు 1940 వఱకు ఈ ద్వీపమున వలసజనులను నిర్బంధించి విచారించుచుండిరి. వారు కొయ్యగోడలపై చెక్కిన పద్యములు రంగుపూతల క్రింద మఱుగుపడి, 1970లో మరల వెలుగు చూచినవి. హిమ్ మార్క్ లై, జెన్నీ లిమ్, జూడీ యుంగ్ అను మువ్వురు 1980లో 135 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించిరి.

వీనిని చరిత్రకు సాక్ష్యములుగా మాత్రమే గణించువారు కలరు. ఆ దృష్టి చాలదని మా యభిప్రాయము. వీనిలో పెక్కు పద్యములు ప్రాచీన చీనా ఛందోరీతి ననుసరించి, పాదమునకు ఐదు లేక ఏడు అక్షరములతో నడచును. షియోంగ్ను జాతివారికి చిక్కి పందొమ్మిదేండ్లు గడపిన హాన్ రాయబారి సూ వూ వీనిలో స్మరింపబడినాడు. కూలికై వచ్చిన బందీ తన్ను నేరస్థునిగా గాక రాయబారితో పోల్చుకొనుట వట్టి యలంకారము కాదు; చట్టము తన కిచ్చిన స్థానమును త్రోసిపుచ్చుట. పూర్వకథాసూచనలను విస్మరించి చదువువారికి ఈ ధిక్కారము వినబడదు.

లోపములను గూడ చెప్పవలెను. శోకము, ప్రతీకారవాంఛ, స్వదేశదౌర్బల్యము మాటిమాటికి వచ్చుటచే కొన్ని పద్యములు ఒకే మూసలో పోసినట్లుండును. స్త్రీల నిర్బంధవాసమున్న భవనము 1940లో దగ్ధమగుటచే వారి పద్యములు మిగులలేదు. కావున నేడు మనకు వినవచ్చునది పురుషకంఠమే.

ఈ వెలితిని మనస్సున నుంచుకొని మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ రచించిన ‘ది వుమన్ వారియర్’ (1976) చదువదగును. వలసదంపతులకు కాలిఫోర్నియాలో జనించిన ఈ రచయిత్రి తన గ్రంథమును పేరులేని మేనత్త కథతో ఆరంభించినది. గోడలపై కవులు పేర్లు వ్రాయకుండుటకు అధికారుల భయము కారణము కావచ్చును. మేనత్త పేరును తుడిచినది మాత్రము స్వకుటుంబమే. పేరులేమి యొకటే, కారకులు వేఱు. ‘చైనా మెన్’ (1980) నడుమ ఆమె బహిష్కార చట్టములను సంవత్సరక్రమమున పేర్కొనినది. పూర్వుల నవమానించిన చట్టమును, స్త్రీని మఱపించిన కుటుంబమును ఒకే రచయిత్రి ప్రశ్నించినది. వలసచరిత్రను పరిశోధించువారు పరదేశము చేసిన అన్యాయముకడ ఆగిపోక, వలసజనులు తమవారి విషయమున పాటించిన మౌనమును గూడ విచారింపవలెనని మేము భావించుచున్నాము.