బయటి నుంచి వచ్చే విజ్ఞానం

బయోటెక్ కంపెనీకి కావలసిన విజ్ఞానమంతా సొంత ల్యాబులో పుట్టదు. భిలాయి ఉక్కు కర్మాగారం సంగతి వేరు. దానికి 1955 ఒప్పందంతో సోవియట్ యూనియన్ డిజైను, యంత్రాలు, నిపుణులు అన్నీ సమకూర్చింది. టీకాల రంగంలో అలా కట్టగట్టి ఇచ్చేవాళ్లు అరుదు. ముక్క ఒకచోట, ముక్క ఇంకోచోట దొరుకుతుంది.

హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే, పిల్లలకు రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ టీకా ఇందుకు మంచి ఉదాహరణ. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు నవజాత శిశువుల మలంలో రోటావైరస్ కనిపించింది గానీ, వాళ్లకు విరేచనాలు లేవు. పైగా అది సోకిన పిల్లలకు ఆ తర్వాత రోటావైరస్ జబ్బు ముదరడం తగ్గింది. అక్కడి వైద్యుడు మహారాజ్ కిషన్ భాన్ బృందం వేరుచేసిన ఆ రకం పేరు 116ఇ. మనిషి వైరస్‌లో పశువుల వైరస్ జన్యువు ఒకటి సహజంగానే కలిసిపోయిన రకమది.

వైరస్ దొరికితే టీకా దొరికినట్టు కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు, స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు దాని గుణగణాలు తేల్చారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ పాథ్, గేట్స్ ఫౌండేషన్ డబ్బూ సాయమూ అందించాయి. ప్రతి బ్యాచ్‌లోనూ వైరస్‌ను వీరో అనే కోతి మూత్రపిండ కణాల్లో ఒకే తీరుగా పెంచడం కంపెనీ వంతు. పరిశోధన పత్రాలు చదివి వచ్చే విద్య కాదది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో జరిగిన ట్రయల్‌లో తీవ్రమైన జబ్బు సగానికి పైగా తగ్గింది. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాటిచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో చుక్కలు వేయడం మొదలైంది. ఎయిమ్స్ నుంచి అక్కడికి దాదాపు 30 ఏళ్లు!

అన్ని సహకారాలూ ఇంత నిదానం కాదు. టెక్సస్‌లో శాస్త్రవేత్తలు పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ పేటెంట్ లేకుండా ఇచ్చిన ఈస్ట్ ఆధారిత పద్ధతిని హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్ ఇ అందుకుంది. 2021 చివరికల్లా ఆ పద్ధతితో చేసిన కోవిడ్ టీకా కార్బెవాక్స్‌కు అనుమతి వచ్చింది. పేటెంట్ లేనంత మాత్రాన ఎవరైనా చేసేయగలరా? 1953 నుంచి నడుస్తున్న కంపెనీ నైపుణ్యం అక్కడ పనికొచ్చింది.

భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు వైరస్ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి వచ్చింది. రోగనిరోధక స్పందనను పెంచే సహాయక పదార్థం అమెరికాలోని వైరోవాక్స్ నుంచి వచ్చింది. వీరో కణాల అనుభవం మాత్రం కంపెనీకి అప్పటికే ఉంది. ఈ విజ్ఞానానికి వెల కూడా ఉంది: అమ్మకాలపై, ఆ వైరాలజీ సంస్థను నడిపే భారత వైద్య పరిశోధన మండలికి కంపెనీ రాయల్టీ చెల్లించాలన్నది ఒప్పందం.