జ్ఞాపకం చెప్పేవారు, వినేవారు

స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన గ్రంథం 'మనకు తెలియని మన చరిత్ర'. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జీవితాలను తామే చెప్పుకున్న కథనాలు ఇందులో ఉన్నాయి. దీనిని మనం సాధారణంగా వీరనారుల చరిత్రగా చదువుతాం. ఆ పఠనంలో ఒక లోపం ఉంది.

మల్లు స్వరాజ్యం తుపాకి పట్టిన ఘట్టాన్ని శ్రద్ధగా వింటాం, సభల్లో చెప్పుకుంటాం. అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాట దగ్గర మాత్రం 'త్యాగం' అని పేరుపెట్టి ముందుకు సాగిపోతాం. పేరు పెట్టగానే వినడం ఆగిపోతుంది. పోరాటం ముగిశాక ఇళ్ళకు వెళ్ళమన్నప్పుడు ఆ స్త్రీలు పడిన ఆవేదన మన పొగడ్తలో ఇమడదు. సంపాదకులు ఆ చేదును తుడిచివేయకుండా ఉంచారు. గ్రంథం విలువ అందులోనే ఉంది.

బళ్ళారిలో తెలుగు చదువుకునే మనకు ఇది పరాయి విషయం కాదు. 1948లో తుంగభద్రకు ఇవతల కంప్లి, సిరుగుప్ప మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అవతల గంగావతి, సింధనూరు నిజాం ఏలుబడిలో ఉండేవి. రజాకార్ల దౌర్జన్యాలను తలచుకోవడానికి మనకు వేదికలున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతా ముస్లింలపై సాగిన హత్యాకాండను తలచుకోవడానికి అలాంటి వేదికలు అరుదు. అదే సంవత్సరం చివర పర్యటించిన సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో గుల్బర్గా, బీదరు ఉన్నాయి. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రకటించలేదు. చెప్పవలసినవారు ఊళ్ళలోనే ఉన్నారు, అడిగినవారు తక్కువ.

ఒకరి బాధను మరొకరి బాధకు జవాబుగా వినడం మనకు అలవాటైంది. రజాకార్ల మాట ఎత్తితే పోలీసు చర్య, పోలీసు చర్య మాట ఎత్తితే రజాకార్లు అడ్డువస్తారు. ఇద్దరు సాక్షులూ మాట పూర్తిచేయకుండానే సభ ముగుస్తుంది.

మన ప్రాంతంలో జ్ఞాపకం తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడింటా పలుకుతుంది. దానిని పాఠ్యపుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తే తడబాటు పోతుంది, మౌనం పోతుంది, సగం అర్థం పోతుంది. మౌఖిక చరిత్ర సేకరించబోయే విద్యార్థి ఈ గ్రంథం నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే: చెప్పేవారు ఆగిన చోట మనమూ ఆగాలి, ఆ ఖాళీని మన మాటతో నింపరాదు.