పాస్‌వర్డ్ కంప్యూటర్‌కీ తెలియదు

‘అన్నా, పాత పాస్‌వర్డ్ ఏందో జర చూసి చెప్పు.’ రిపేరు బల్ల ముందు తరచూ వినే మాట ఇది. మర్చిపోయిన అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ లోపలెక్కడో రాసి ఉంటుందని, వెతికితే దొరుకుతుందని అందరి నమ్మకం. కానీ అది కంప్యూటర్‌కీ తెలియదు. మనం ఇచ్చిన అక్షరాలను విండోస్ ఒక లెక్కలో వేసి, వచ్చిన ‘హ్యాష్’ను మాత్రమే ‘శామ్’ అనే ఫైల్లో ఉంచుకుంటుంది. పిండిని తిరిగి బియ్యం చేయలేనట్టే, హ్యాష్‌ను వెనక్కి తిప్పి పాస్‌వర్డ్ రాబట్టే దారి లేదు. వరసగా ఊహించి పోల్చి చూడొచ్చు, అది కూడా బలహీనమైన పాస్‌వర్డ్‌కే పనికొస్తుంది.

అందుకే పాతదాన్ని పక్కనపెట్టి కొత్తది పెడతాం. విండోస్ ఎక్స్‌పీ హోమ్ రోజుల్లో ఇదో ఆట. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే, పాస్‌వర్డే లేని అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఎదురయ్యేది. తర్వాత ఇన్‌స్టలేషన్ డిస్క్‌తో బూట్ చేసి, లాగిన్ తెర మీది ఈజ్ ఆఫ్ యాక్సెస్ బొమ్మ వెనక కమాండ్ ప్రాంప్ట్‌ను కూర్చోబెట్టే కిటుకు వచ్చింది. ఇప్పుడు దాన్ని విండోస్ కాపలా ప్రోగ్రాం డిఫెండర్ పసిగడుతోంది.

తాళం తీశాం కదా అని సంబరపడితే అసలు చిక్కు అక్కడే. ఫైళ్లను విండోస్‌లోని ఈఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, వాటి తాళంచెవి పాత పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంటుంది. బలవంతంగా మారిస్తే లాగిన్ అవుతాం, ఫైళ్లు కళ్లముందే కనిపిస్తాయి, తెరుచుకోవు. ఆ తాళంచెవిని ముందే బ్యాకప్ తీసుకున్నవాళ్లు అరుదు. అందుకే చేయి పెట్టేముందు రెండు అడుగుతాను: మిషన్ ఎవరిది, లోపల ఏముంది? మొదటిదానికి నీళ్లు నమిలితే పని ముట్టుకోను.

విండోస్‌లో బిట్‌లాకర్ వచ్చాక ఈ కిటుకులన్నీ గుమ్మం బయటే ఆగిపోయాయి. డిస్కే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ లేకుండా బయటి నుంచి ఒక్క ఫైలూ మార్చలేం. మెకానిక్కులు దీన్ని తిట్టుకుంటారు, నేను తిట్టను. ఇన్నాళ్లూ మాకు దొరికిన సులువే ల్యాప్‌టాప్ దొంగకూ దొరికింది మరి.

ఆ కీ చాలాసార్లు యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఫోన్‌లో తెరిపించి చూపిస్తాను. ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోమంటాను. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దంటాను.